ఒక దేశం, ఇద్దరు అధ్యక్షులు: 2010-11లో ఐవరీకోస్ట్ విషయంలో బయటి ప్రపంచం ఏం చేసింది?

పలాసలో జీడి ఫ్యాక్టరీ నడుపుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "ఎన్నికల ఫలితం మీద గొడవ వచ్చి ఒక దేశంలో మళ్లీ అంతర్యుద్ధం మొదలైతే బయటి దేశాలు నిజంగా ఏమైనా చేయగలవా? ఐవరీకోస్ట్‌లో చేశాయంటారు, అది పనిచేసిందా? అక్కడి నుంచి పిక్కలు తెప్పించుకునే మాలాంటివాళ్లు దేన్ని కనిపెట్టుకుని ఉండాలి?"

విశాఖ వన్‌టౌన్‌లో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో నేను చాలాకాలం పనిచేశాను. పశ్చిమ ఆఫ్రికా సరుకుల కాగితాలు నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. ఐవరీకోస్ట్ ప్రధాన రేవు నగరం అబిజాన్‌లో ఏం జరుగుతోందో తెలుసుకోకుండా ఆ రోజుల్లో నాకు పని నడిచేది కాదు. అందుకని కొంచెం వివరంగానే చెబుతాను.

సూటిగా చెప్పాలంటే పనిచేసింది. అయితే నాలుగు నెలలు ఆలస్యంగా పనిచేసింది, ఆ నాలుగు నెలల్లోనే సుమారు 3,000 మంది చనిపోయారు. ఆ మాత్రమైనా పనిచేయడానికి నాకు కనిపించే కారణాలు రెండు. గెలిచిందెవరో ధ్రువీకరించే అధికారం ఐక్యరాజ్యసమితికి ముందే రాసిచ్చి ఉంది. పైగా ఆ దేశపు డబ్బు తాళంచెవి ఆ దేశం చేతిలో లేదు. ఈ రెండూ లేని చోట ఖండనలు, విచారాలు, ప్రత్యేక దూతలు ఎంతమంది వచ్చినా కుర్చీలో కూర్చున్నవాడు కదలడు.

వెనక కథ కొంచెం తెలియాలి. 2002 సెప్టెంబరు 19న తిరుగుబాటు జరిగి దేశం రెండుగా చీలింది. బువాకే కేంద్రంగా ఉత్తరం తిరుగుబాటుదారుల చేతిలోకి, అబిజాన్‌తో సహా దక్షిణం అధ్యక్షుడు లారెంట్ బాగ్బో చేతిలోకి పోయాయి. అసలు తగవు పౌరసత్వం మీద. ఉత్తరాది ముస్లింలనూ, బుర్కినాఫాసో, మాలీ నుంచి తరాల కిందట కోకో తోటల్లో పనికి వచ్చి స్థిరపడినవాళ్లనూ "మీరు అసలు ఈ దేశం వాళ్లేనా?" అని అడగడం 1990ల్లో రాజకీయమైంది. తల్లిదండ్రుల జాతీయత మీద అనుమానమంటూ ఉత్తరాది నాయకుడు అలసాన్ వాటారాను 2000 ఎన్నికల్లో పోటీ చేయనివ్వలేదు. 2007 మార్చిలో రెండు పక్షాల మధ్య వాగడూగూ శాంతి ఒప్పందం కుదిరింది. 2005లో జరగాల్సిన అధ్యక్ష ఎన్నిక వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి 2010లో జరిగింది. అక్టోబరు 31న తొలి విడత, నవంబరు 28న బాగ్బో, వాటారాల మధ్య తుది పోరు. దాదాపు 80 శాతం మంది ఓటేశారు. జనం ఎంత ఆశపెట్టుకున్నారో ఆ ఒక్క అంకె చెబుతుంది.

ఆ తర్వాతి నాలుగైదు రోజులు దగ్గర నుంచి చూడాలి. నవంబరు 30న ఎన్నికల సంఘం ప్రతినిధి కెమెరాల ముందు ఫలితాల కాగితాలు పట్టుకుని చదవబోతుంటే, బాగ్బో వర్గం సభ్యుడొకరు ఆయన చేతిలోంచి వాటిని లాక్కుని అక్కడే చించేశాడు. మూడు రోజుల్లో ఫలితం చెప్పాలన్న గడువు దాటిపోయింది. డిసెంబరు 2న ఎన్నికల సంఘం అధ్యక్షుడు యూసుఫ్ బకాయోకో ఐక్యరాజ్యసమితి (ఐరాస) శాంతి సేన కాపలా ఉన్న అబిజాన్‌లోని గోల్ఫ్ హోటల్‌లో ఫలితం ప్రకటించాడు: వాటారాకు 54.1 శాతం, బాగ్బోకు 45.9 శాతం. మర్నాడు బాగ్బోకు సన్నిహితుడైన పాల్ యావో ఎన్‌డ్రే అధ్యక్షతన రాజ్యాంగ మండలి (ఎన్నికల ఫలితాన్ని ఖాయం చేసే కోర్టులాంటి సంస్థ) ఉత్తరాదిన ఏడు జిల్లాల ఓట్లను మొత్తంగా రద్దు చేసి, బాగ్బో 51 శాతం పైచిలుకుతో గెలిచాడంది. ఆ దేశపు ఎన్నికల చట్టం ప్రకారం ఫలితాన్ని తారుమారు చేసేంత అక్రమాలు జరిగాయనుకుంటే మండలి మొత్తం ఎన్నికను రద్దుచేసి 45 రోజుల్లో మళ్లీ జరిపించాలి. తనకు నచ్చని జిల్లాలను తీసేసి మిగిలినవి కూడుకుని విజేతను ప్రకటించే అధికారం దానికి లేదు. డిసెంబరు 4న ఇద్దరూ అధ్యక్షులుగా ప్రమాణం చేశారు. బాగ్బో అధ్యక్ష భవనంలో కూర్చుంటే, వాటారా ఐరాస సైనికుల కాపలాలో హోటల్‌లో కూర్చున్నాడు.

మామూలుగా ఇలాంటి చోట బయటి దేశాలు ఇరుక్కుపోతాయి. "వాళ్ల రాజ్యాంగ సంస్థే తీర్పు చెప్పింది కదా, కాదనడానికి మనమెవరం?" అన్న ప్రశ్న వస్తుంది, అది న్యాయమైన ప్రశ్నే. ఐవరీకోస్ట్‌లో దానికి జవాబు ముందే రాసి ఉంది. ఒకరినొకరు నమ్మని రెండు పక్షాలూ 2005లో ప్రిటోరియాలో కూర్చుని, ఎన్నికలను ఐరాస చూసుకోవాలని అడిగాయి. ఆ ఒప్పందం మీద సంతకాల్లో బాగ్బోది కూడా ఉంది. ఆపైన 2007 జులైలో భద్రతా మండలి 1765వ తీర్మానంతో, ఎన్నికలోని అన్ని దశలనూ ధ్రువీకరించే పని ఐరాస ప్రత్యేక ప్రతినిధికి అప్పగించింది.

2010లో ఆ ప్రతినిధి దక్షిణ కొరియాకు చెందిన చోయ్ యంగ్-జిన్. ఆయన ఇద్దరి మాటలూ విని మధ్యస్థంగా తీర్పు చెప్పలేదు. పోలింగ్ కేంద్రాల నుంచి వచ్చిన సుమారు 20,000 లెక్కింపు పత్రాల ప్రతులు తెప్పించుకుని తన సిబ్బందితో విడిగా లెక్క కట్టించాడు. బాగ్బో వర్గం రాజ్యాంగ మండలికిచ్చిన ఫిర్యాదులన్నీ నిజమే అనుకుని ఆ పత్రాలను పక్కన పెట్టినా గెలుపు వాటారాదేనని డిసెంబరు 3నే బహిరంగంగా చెప్పాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఆ పని. తర్వాత వచ్చిన ప్రతి ఆంక్షా, ప్రతి తీర్మానమూ ఆ లెక్క మీదే నిలబడ్డాయి.

ఆ లెక్క చేతిలో ఉండబట్టే ఇరుగుపొరుగు కూడా త్వరగా కదిలింది. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ డిసెంబరు 7న, ఆఫ్రికన్ యూనియన్ 9న ఐవరీకోస్ట్ సభ్యత్వాన్ని నిలిపేశాయి. దిగిపోకపోతే బలప్రయోగానికైనా వెనకాడబోమని డిసెంబరు 24న ఎకోవాస్ హెచ్చరించింది. అంతవరకూ బాగుంది. తర్వాతే సాగతీత మొదలైంది. బెనిన్, సియెర్రా లియోన్, కేప్ వెర్డీ అధ్యక్షులు ముగ్గురూ వెళ్లారు, ఉత్త చేతులతో తిరిగొచ్చారు. కెన్యా ప్రధాని రైలా ఒడింగా వెళ్లారు, అంతే. సైన్యం పంపాలంటే ముందు నిలబడాల్సింది నైజీరియా. దానికి 2011 ఏప్రిల్‌లో సొంత ఎన్నికలున్నాయి. పక్కనే ఉన్న ఘనా మేం సైనికుల్ని పంపమని తేల్చి చెప్పింది. అంగోలా బాగ్బోకు పాత మిత్రదేశం, దక్షిణాఫ్రికా మొదట్లో అటూ ఇటూ ఊగింది. ఆఫ్రికన్ యూనియన్ ఐదుగురు అధ్యక్షులతో ఒక బృందం వేస్తే, అది మార్చి 10 నాటికి "గెలిచింది వాటారాయే" అని తేల్చింది. డిసెంబరు 3న తెలిసిన సంగతే అది. చేయని బెదిరింపు వల్ల జరిగే నష్టం ఇక్కడ చూడాలి: మీరు రారని అవతలివాడికి తెలిసిపోయాక, ఆయుధం పట్టినవాడికి అది అనుమతి పత్రంలా మారుతుంది.

ఇక డబ్బు సంగతి. మీ వ్యాపారానికి అన్నిటికన్నా దగ్గరి విషయం కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను.

ఐవరీకోస్ట్‌కు సొంత రిజర్వ్ బ్యాంకు లేదు. పశ్చిమ ఆఫ్రికాలో ఎనిమిది దేశాలు సీఎఫ్ఏ ఫ్రాంక్ అనే ఒకే కరెన్సీ వాడతాయి, వాటన్నిటికీ కలిపి సెనెగల్ రాజధాని డకార్‌లో ఒకే కేంద్ర బ్యాంకు ఉంది. డిసెంబరు 23న ఆ దేశాల ఆర్థిక మంత్రులు సమావేశమై, ఐవరీకోస్ట్ ఖాతాల మీద సంతకం చేసే అధికారం వాటారా నియమించినవాళ్లకే ఉందన్నారు. అయినా బ్యాంకు గవర్నరు బాగ్బో మనిషి కావడంతో డబ్బు కొంతకాలం కారుతూనే ఉంది. జనవరి 22న ఆ గవర్నరు చేత రాజీనామా చేయించారు. కొద్ది రోజులకే బాగ్బో అబిజాన్‌లోని కేంద్ర బ్యాంకు శాఖను స్వాధీనం చేసుకున్నాడు. కానీ భవనం చేతికొచ్చింది గానీ బ్యాంకుల మధ్య చెల్లింపులు పరిష్కరించే వ్యవస్థ చేతికి రాలేదు. ఫిబ్రవరి మధ్యకల్లా సిటీబ్యాంక్, ఫ్రెంచి బ్యాంకుల శాఖలు ఒకదాని తర్వాత ఒకటి తలుపులు మూసేశాయి. రెండు పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తున్నామని బాగ్బో ప్రకటించినా సైనికులకు, ఉద్యోగులకు జీతాలివ్వడం నానాటికీ కష్టమైంది. మార్చి చివర్లో వాటారా బలగాలు దక్షిణానికి దూసుకొచ్చినప్పుడు దారిలో చాలా చోట్ల ఎదురు నిలిచినవాళ్లు లేకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

అదే దెబ్బ ఇటు ఎలా తగులుతుందో చూడండి. జీడి పిక్కల సీజన్ అక్కడ ఫిబ్రవరిలో మొదలవుతుంది. పంట ఎక్కువగా ఉత్తరాదిది, కొనుగోలంతా నగదు మీదే. మీ బ్యాంకు ఎల్‌సీ (సరుకు డబ్బు చెల్లిస్తామన్న హామీపత్రం) తెరుస్తుంది, అక్కడి ఎగుమతిదారు దాన్ని చూపించి తన బ్యాంకులో డబ్బు తీసుకుని ఊళ్లలో 80 కిలోల బస్తాలు కొంటాడు. బ్యాంకు మూతపడిన రోజున ఆ గొలుసు మధ్యలో తెగుతుంది. ఎల్‌సీలో తప్పుండదు, అవుట్‌టర్న్ (పిక్కల నుంచి వచ్చే పప్పు లెక్క) బాగుంటుంది, పిక్కలు రైతు ఇంట్లోనే ఉంటాయి, కొనడానికి మాత్రం నోటు ఉండదు. ఇలాంటప్పుడు సరుకు సరిహద్దు దాటి ఘనా వైపు పోతుంది. ఇక్కడ మా టేబుల్ మీదకు వచ్చే సందేశాల స్వరం కూడా మారుతుంది: ముందు "నౌక ఆలస్యం", తర్వాత "పత్రాలు ఆలస్యం", ఆ తర్వాత జవాబే ఉండదు.

జనవరి మధ్యలో యూరోపియన్ యూనియన్ అబిజాన్, సాన్ పెడ్రో పోర్టులను ఆంక్షల జాబితాలో పెట్టింది. యూరప్ నౌకా సంస్థలు వాటితో కొత్త లావాదేవీలు చేయకూడదు. అదే నెలలో వాటారా కోకో, కాఫీ ఎగుమతులు ఆపమని పిలుపునిచ్చాడు. ప్రపంచపు కోకోలో మూడో వంతుకు పైగా ఆ ఒక్క దేశానిదే కాబట్టి ధర మూడు దశాబ్దాల గరిష్ఠానికి చేరింది. ఐవరీకోస్ట్ రైతుకు మాత్రం అందులో ఏమీ దక్కలేదు. కోకో గోదాముల్లో మగ్గింది. ఓడలు రాకపోవడంతో ఆసుపత్రుల్లో మందులు నిండుకున్నాయి. ఆంక్షలను నేను వ్యతిరేకించడం లేదు. బాగ్బో ఖజానా ఎండగట్టకుండా అతన్ని కదపడం జరిగేది కాదు. కానీ మందులూ ఆహారమూ వచ్చే దారి ముందుగా చూసుకోకుండా పోర్టు మూయడం క్షమించదగ్గ పని కాదు. పోర్టు దగ్గర బతికినవాళ్లకు దీని అర్థం ఎవరూ వివరించనక్కర్లేదు. ఓడ రాకపోతే ముందు పని పోయేది కలాసీకి, లారీ డ్రైవరుకి.

ఈ నెలలన్నిటా అబిజాన్ వీధుల్లో ఏం జరిగిందో మరిచిపోకూడదు. మార్చి 3న అబోబో ప్రాంతంలో బాగ్బో దిగిపోవాలని ఊరేగింపు తీసిన ఆడవాళ్ల మీద సైనికులు కాల్పులు జరిపారు, ఏడుగురు చనిపోయారు. మార్చి 17న అదే అబోబోలో మార్కెట్ మీద గుండ్లు పడి 25 మందికి పైగా పోయారు. పది లక్షల మంది దాకా ఇళ్లు వదిలారు, లక్షకు పైగా సరిహద్దు దాటి లైబీరియా చేరారు. అప్పటికి లిబియా వార్తలే అన్నిచోట్లా. ఐవరీకోస్ట్ లోపలి పేజీల్లోకి పోయింది.

మార్చి 28న వాటారా బలగాలు దాడి మొదలుపెట్టాయి. 30న భద్రతా మండలి 1975వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది: బాగ్బో, ఆయన భార్య సిమోన్, మరో ముగ్గురి మీద ఆంక్షలు. పౌరుల మీద భారీ ఆయుధాలు వాడకుండా అడ్డుకోవడానికి అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చని శాంతి సేనకున్న అధికారాన్ని గట్టిగా గుర్తుచేసింది. ఏప్రిల్ 4న, 10న ఐరాస హెలికాప్టర్లు, ఫ్రాన్స్ సైనికులు బాగ్బో ఆయుధాగారాల మీద, అధ్యక్ష నివాసం మీద దాడిచేశారు. 11న బాగ్బో పట్టుబడ్డాడు.

ఇక్కడ మన దేశం పాత్ర గురించి తెలుగులో ఎవరూ పెద్దగా రాయలేదు. 2011లో భారత్ భద్రతా మండలిలో తాత్కాలిక సభ్యదేశం. లిబియాలో బలప్రయోగానికి అనుమతిస్తూ మార్చి 17న వచ్చిన తీర్మానానికి ఓటెయ్యకుండా దూరంగా ఉన్న భారత్, రెండు వారాల తర్వాత ఐవరీకోస్ట్ తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది. ఓటేస్తూనే మన ప్రతినిధి హర్‌దీప్ సింగ్ పురి ఒక హెచ్చరిక చేశారు: శాంతి సేనను ప్రభుత్వాలను మార్చే పనిముట్టు చేయకూడదు, అంతర్యుద్ధంలో అది ఒక పక్షం కాకూడదు అని. ఆ రెండూ కలిసి సరైన వైఖరే అని నేననుకుంటాను. ప్రపంచంలో శాంతి సేనలకు అత్యధికంగా సైనికులను పంపే దేశాల్లో మనది ఒకటి. ఐరాస నీలి టోపీ ఒక వర్గానిదని అక్కడి జనం అనుకోవడం మొదలైతే రేపు మరో దేశంలో తుపాకీ గుండు తగిలేది మన కుర్రాడికే. అలాగని పౌరుల మీద ఫిరంగులు పేలుస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోమనీ భారత్ అనలేదు. అబిజాన్‌లో మన రాయబారి నివాసం అధ్యక్ష నివాసానికి దగ్గర్లో, కాల్పుల మధ్యలో చిక్కుకుంటే, ఆమెను బయటికి తెచ్చింది ఫ్రెంచి సైనికులు. ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకునే మాట్లాడాలి.

బయటి ప్రపంచం ఘోరంగా విఫలమైన చోటు డ్యువేకువే. పశ్చిమాన ఉన్న ఆ పట్టణం మార్చి 29 ప్రాంతంలో వాటారా బలగాల చేతికొచ్చింది. ఊళ్లో శాంతి సేన శిబిరం ఉంది. వేలమంది క్యాథలిక్ మిషన్‌లో తలదాచుకున్నారు. ఆ ఒక్కరోజులో కనీసం 800 మంది చనిపోయారని రెడ్‌క్రాస్ చెప్పింది. చంపినవాళ్లలో ఎక్కువమంది ప్రపంచం గుర్తించిన అధ్యక్షుడి పక్షంవాళ్లు. ఎన్నికలో న్యాయం ఒకరి వైపు ఉన్నంత మాత్రాన ఆ పక్షం తుపాకీ పవిత్రమైపోదు. 1975వ తీర్మానం కళ్లన్నీ బాగ్బో ఫిరంగుల మీదే ఉన్నాయి.

న్యాయమూ అలాగే ఒంటికాలి మీద నడిచింది. బాగ్బోను 2011 నవంబరు చివర్లో హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి పంపారు. సాక్ష్యాలు నిలబడక 2019 జనవరిలో నిర్దోషి అన్నారు, 2021లో అప్పీలులోనూ అదే తీర్పు, ఆ జూన్‌లో ఇంటికి తిరిగొచ్చాడు. అవతలి పక్షం నుంచి ఒక్కరినీ హేగ్‌కు పంపలేదు. వాటారా 2020లో మూడోసారి, 2025లో నాలుగోసారి అధ్యక్షుడయ్యాడు. 2020 ఎన్నిక చుట్టూ మళ్లీ పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఈసారి బయటి దేశాల గొంతు పెద్దగా లేవలేదు. ధ్రువీకరించే ఐరాస బృందం 2017లోనే వెళ్లిపోయింది.

వేరే చోట్ల ఏమైందో చూస్తే మొదట చెప్పిన రెండు కారణాలు ఇంకా బాగా అర్థమవుతాయి. కెన్యాలో 2007 డిసెంబరు ఎన్నిక తర్వాత వెయ్యిమందికి పైగా చనిపోయారు. అక్కడ లెక్కింపే గందరగోళం, ఎవరు గెలిచారో చెప్పగల స్థితిలో ఎవరూ లేరు. అందుకే కోఫీ అన్నన్ వెళ్లి అధికారం పంచిపెట్టే ఒప్పందం చేయించాల్సి వచ్చింది. హింస ఆగింది, నిజం మాత్రం తేలలేదు. గాంబియాలో 2016 డిసెంబరులో యాహ్యా జామే ఓటమి ఒప్పుకుని వారంలో మాట మార్చాడు. చుట్టూ మూడు వైపులా సెనెగల్. ఆ దేశం ఈసారి ఊరికే బెదిరించలేదు, జనవరి 19న సైన్యాన్ని సరిహద్దు దాటించింది. రెండు రోజుల్లో జామే దేశం విడిచిపోయాడు. పెద్దగా ప్రాణనష్టమే లేదు.

ఇక మీ చివరి ప్రశ్న, తమ్ముడూ. పోలింగ్ రోజు హింస ఎంత అన్నది చూసి నిర్ణయాలు తీసుకోకండి, అది చాలాసార్లు ప్రశాంతంగానే గడుస్తుంది. ఫలితం ప్రకటించే సంస్థకూ, దాన్ని ఖాయం చేసే కోర్టుకూ మధ్య తేడా వచ్చిందా చూడండి. వచ్చిన రోజే కొత్త అడ్వాన్సులు ఆపేయండి. ఆపైన పొరుగు దేశాలు ఎవరిని గుర్తిస్తున్నాయో, డకార్ కేంద్ర బ్యాంకు ఎవరి సంతకం ఒప్పుకుంటోందో కనుక్కోండి. అక్కడి మీ ఎగుమతిదారు ఏ బ్యాంకు ద్వారా డబ్బు తీసుకుంటాడో ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి, గొడవ మొదలయ్యాక ఆ సంగతి చెప్పేవాడు దొరకడు. యుద్ధ ప్రమాదం మీ బీమాలో ఉందో లేదో పాలసీ తెరిచి చదవండి. మామూలు మెరైన్ పాలసీలో అది విడిగా తీసుకుంటేనే ఉంటుంది, ఒడ్డు మీద గోదాములో ఉన్న సరుకుకు చాలాసార్లు అసలు వర్తించదు. ఒక్క దేశం మీదే సీజనంతా పెట్టుకోకుండా ఘనా, టాంజానియాల్లో కూడా ఒకరిద్దరు మనుషుల్ని ఉంచుకోండి. టాంజానియా పంట అక్టోబరు నుంచి వస్తుంది కాబట్టి పశ్చిమాన సీజన్ పోయినా ఫ్యాక్టరీ ఆగదు.

ఇంకొకటి. అక్కడ మీకు తెలిసినవాళ్లు, మన పిల్లలు ఎవరైనా ఉద్యోగాల్లో ఉంటే, ఎన్నికకు నెల ముందే భారత రాయబార కార్యాలయంలో పేరు, చిరునామా నమోదు చేయించమనండి. 2011లో అబిజాన్‌లో మన రాయబారే ఇంట్లో చిక్కుకుపోయిన పరిస్థితి. ఎవరెక్కడున్నారో ముందే కాగితం మీద లేకపోతే ఆ గందరగోళంలో వెతకడం ఎవరివల్లా కాదు.